ఇది మన ఇద్దరి మధ్యే

శ్రీకాకుళంలో అనూరాధ శ్రీకూర్మం బస్సెక్కిన దగ్గర పోయిన వారం ఆగాం. ఎందుకెక్కిందో తోటివాళ్ళెవరికీ చెప్పలేదు. మెడిసిన్ ఆఖరి సంవత్సరాల్లో ఉన్న అరడజను మంది కలిసి ఏడాది పైగా కూర్చుని ‘ఊసు’ అనే ఫోన్ యాప్‌ని తయారు చేయించారని పాఠకులకు తెలుసు. మనసు బాగోలేని పిల్లలు ఎవరికీ చెప్పుకోలేనిది అందులో రాసుకోవచ్చు. అది ఓదార్పుగా నాలుగు మాటలు చెబుతుంది. సాంకేతికమైన పనంతా ఇంజినీర్లు చూసుకున్నారు. తెర మీద కనిపించే తెలుగు మాత్రం ప్రతి అక్షరం అనూరాధది. ముందు తమ కాలేజీలోనే ఫస్టియర్ పిల్లలకిచ్చి చూశారు. వాళ్ళలో ధనలక్ష్మి ఒకతె. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల రాసిన నాలుగు ముక్కలు చూసి ‘ఊసు’ ఆమె తండ్రి ఫోనుకి కబురు పంపింది. సాయంత్రానికల్లా ఆయన వచ్చి కూతుర్ని ఇంటికి తీసుకుపోయాడు. వారం దాటిపోయింది. ధనలక్ష్మి తిరిగి రాలేదు. ఆమె ఫోను మోగడం లేదు.

శ్రీకూర్మంలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, సరుగుడు తోటలు దాటి ఆ సముద్రపు ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కూర్మయ్యగారి ఇల్లెక్కడని అడిగితే, ఇసకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఆడమనిషి నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

“ఏ కూర్మయ్య? డాట్రు సదువుతున్న గుంట ఉన్నాదే, ఫోన్లో కబురొచ్చింది, ఆళ్ళ ఇల్లా?”

అనూరాధ తల ఊపింది. ఊరంతటికీ తెలిసిపోయిందన్నమాట.

ఆ వేళకి మగవాళ్ళంతా రేవులో ఉన్నారు. కూర్మయ్య ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. వీధి గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎవరైనా లోపలికి పోవాలన్నా, లోపలినుంచి రావాలన్నా ఆ మంచం జరపాలి. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. మనిషి నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

“నేను ధనలక్ష్మికి సీనియర్ని బాబాయ్. కాలేజీ నుంచి వచ్చాను. అనూరాధ నా పేరు.”

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. “రా తల్లీ, రా. మంచం మీద కూకో. అంత దూరాన్నించి ఎండలో వచ్చినావా?” అని వీధిలోకి కేకేసి డ్రింకు తెప్పించాడు. తను మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

అంతలో పక్కింట్లోంచి ఒకామె బేసినుతో వచ్చింది. అందులో ముక్కలు కోసిన చేపలున్నాయి. ధనలక్ష్మి తల్లి గురమ్మ. అతిథిని చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది.

“పక్కింట్లో కోసుకొస్తన్నాను తల్లీ” అని, లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించింది. “మా కత్తిపీట ఆళ్ళింట్లోనే ఎట్టీసినాం. దుకాణంలో మందులూ మాకులూ కూడా కొనడం మానీసినాం. ఆయనైతే సముద్రం మొకం సూసి ఎన్నాళ్ళైనాదో. బోటు మా మరిది ఏసుకెల్తన్నాడు. రేత్రిళ్ళు ఒకల తరవాత ఒకలం కాపలా కూకుంటన్నాం.”

అనూరాధ సీసా పట్టుకుని కూర్చుంది. తాగబుద్ధి కాలేదు.

“అసలు కబురెలా తెలిసింది బాబాయ్?” అంది. తనకి తెలియనిదేమీ కాదు. అయినా అడిగింది.

“రేవులో సేపల ఏలంపాట జరగతన్నాది” అన్నాడు కూర్మయ్య. “సేపలు గుట్టేసి ఉన్నాయి. జేబులో ఫోను గుయ్యిమన్నాది. నాకు సదువు రాదు గదా. పాట పాడతన్న సావుకారికిచ్చి, ఏటో సూడు బాబూ అన్నాను. ఆయన పాట ఆపి, గట్టిగా సదివీసినాడు. ‘మీ బిడ్డకి ఇప్పుడు మీరు కావాలి. ఆలస్యం చెయ్యకండి.’ కిందన దాని పేరు. అందరూ ఇన్నారు. ఒకడు పరీక్ష పోయిందేమో అన్నాడు, ఇంకొకడు ఎవుడితోనో ఎలిపోయిందేమో అన్నాడు. నాకు మాత్రం అర్థమైపోనాది తల్లీ. కాళ్ళు అలగే ఇసకలో దిగబడిపోనాయి.”

మీ బిడ్డకి ఇప్పుడు మీరు కావాలి. ఆ వాక్యం కోసం అనూరాధ ఒక పూటంతా కూర్చుంది. ఇంజినీర్లు ముందు ‘అత్యవసర హెచ్చరిక’ అని పెట్టారు. అది చూస్తే తల్లిదండ్రులు హడలిపోతారని, ‘బిడ్డ’ అనే మాట ఉంటే మనసు కరుగుతుందని వాదించి మార్పించింది. టీముకి పెద్దగా ఉన్న నవీన్ ఆ రోజు బల్ల చరిచి మెచ్చుకున్నాడు. చదువురాని తండ్రి దాన్ని పదిమందిలో చదివించుకోవలసి వస్తుందని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

గురమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “అదేటో ఫోన్లో ఎట్టినోళ్ళు ఎవులో గానీ తల్లీ, ఆళ్ళ కడుపు సల్లగుండాల. ఆళ్ళే లేకపోతే నా పిల్ల నాకు దక్కునా?”

“ఆళ్ళు కనబడితే కాళ్ళకి దండమెడతాను” అన్నాడు కూర్మయ్య.

తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చింది అనూరాధ. దారిపొడుగునా తిట్లకే జవాబులు కూర్చుకుంది. దీవిస్తారని అనుకోలేదు. ఆ చేతిని విడిపించుకోలేక, పట్టుకోలేక, “మళ్ళీ కాలేజీకి ఎప్పుడు పంపుతారు బాబాయ్?” అని మాట మార్చింది.

“పంపను.”

“చాలా కష్టపడి తెచ్చుకున్న సీటు...”

“నాకు తెల్దా? ఈ ఊరినించి డాట్రు సదువుకెళ్ళిన మొదటి పిల్ల అది. ఫ్లెక్సీ కట్టించినాను రోడ్డు మీద.” ఆయన రోడ్డువైపు చెయ్యి చూపించాడు. “సదువు లేకపోతే దాని తల్లిలాగ సేపలమ్ముకుని బతుకుతాది. బతికుంటే సాలు నాకు. పోనీ నువ్వు డాట్రమ్మవి. దానికేటీ అవదని నువ్వు సెప్పు. నీ మాట మీద పంపుతాను.”

అనూరాధ సీసా కింద పెట్టి, లోపలి గదివైపు చూసింది.

కాసేపటికి కూర్మయ్యే, “ఎల్లు తల్లీ. పెరట్లో కూకుని మాటాడుకోండి. తలుపు మాత్రం ఎయ్యొద్దు” అని మంచం జరిపాడు.

ధనలక్ష్మి పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. తలకి నూనె రాసి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది తల్లి, బడికెళ్ళే పిల్లకి కట్టినట్టు. సీనియర్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. 

“ఎందుకొచ్చారక్కా?”

“నిన్ను చూద్దామని.”

“సూసేరుగా.”

వాకిట్లోంచి తండ్రి దగ్గు వినిపించింది. ధనలక్ష్మి అటువైపు తల తిప్పి, “నేను బాత్రూముకెళ్తే బయట నిలబడి మాటాడతానే ఉంటాది అమ్మ. జవాబు రాకపోతే తలుపు కొట్టేస్తాది. మా నాన్న నా ముందు కూకుని ఏడిసినాడు తెల్సా? నాను పుట్టినకాడ్నించీ ఆయన ఏడవడం సూళ్ళేదు” అంది. అని, ఒక్కసారిగా గొంతు పెంచింది. “దాన్ని ఎవరు తయారు సేసినారో మీకు తెల్సు గదా! మన సీనియర్సే గదా! ఒక్క మాట అడగాలి నాను. తెరవగానే మొదటి పేజీలో ఏటి రాసుంటాది?”

అనూరాధకి తెలుసు. లేత నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. ‘నీకు అనిపించింది రాయి. ఇది మన ఇద్దరి మధ్యే.’

“ఇద్దరి మధ్యే అని రాసి, రేవులో సదివిస్తారా?”

“ఆ మాట రాసింది నేనే” అంది అనూరాధ.

ధనలక్ష్మి కదలకుండా చూసింది.

“మీ నాన్నకి వచ్చిన మెసేజీ కూడా నేనే రాశాను. మొదట యాప్‌లో కబురు పంపడం అనేది లేదు ధనం. తర్వాత మీటింగులో ఆ సంగతి వచ్చింది. ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉంటే ఇంట్లోవాళ్ళకి చెప్పాలని నేనే గట్టిగా పట్టుబట్టాను. అందుకే చేరేటప్పుడు ఇంటి పెద్దల నంబరు అడిగాం. మొదటి పేజీ అప్పుడే మార్చాల్సింది. మర్చిపోయాం.”

ఆ ‘మర్చిపోయాం’ అనేది వారంగా అందరికీ చెబుతోంది. యాప్ పని చూస్తున్న సైకియాట్రీ మేడంకి అదే చెప్పింది. నవీన్‌కి అదే చెప్పింది. వాళ్ళు నమ్మారు కూడా. ఈ పిల్ల కూడా నమ్మేలాగే ఉంది. కళ్ళలో కోపం కొంచెం తగ్గింది. మర్చిపోవడం ఎవరికైనా జరిగేదే కదా అన్నట్టు తల దించుకుంది.

అది చూడలేకపోయింది అనూరాధ.

“మర్చిపోలేదు” అంది. “అబద్ధం చెప్పాను. మీకివ్వడానికి ముందురోజు నాకు గుర్తొచ్చింది. ఆ పేజీ తెరిచి చూసుకున్నాను కూడా. ఇంట్లోవాళ్ళకి చెప్తామని అక్కడ రాస్తే మీరెవరూ ఏమీ రాయరనిపించింది. ఎవరూ రాయకపోతే విశాఖపట్నంలో ఈ యాప్‌ని పరీక్షించే పెద్దవాళ్ళ ముందు చూపించడానికి మా దగ్గరేమీ ఉండదు. అందుకని అలాగే వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. తెలిసే వదిలేశాను.”

లోపల గురమ్మ పొయ్యి మీద ఏదో కలుపుతున్న చప్పుడు ఆగింది. 

ధనలక్ష్మి రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. అనూరాధ తిట్టు కోసం ఎదురు చూసింది. తిడితే బాగుండుననుకుంది.

“అక్కా” అంది చివరికి ఆ పిల్ల, గొంతు బాగా తగ్గించి. “మీరు నిజం సెప్పారు గాబట్టి నానూ ఒకటి సెప్తాను. నాను రాసింది నా గురించి కాదు.”

అనూరాధ వెంటనే నమ్మలేదు. ఇలా చెప్పి తప్పించుకునేవాళ్ళుంటారని వార్డులో మేడం చెప్పింది. “అంటే?” అంది జాగ్రత్తగా.

“నాకేటీ లేదక్కా. పరీక్షలంటే బయం ఉన్నాది, అంతే. నా రూమ్మేటు ఈశ్వరి ఉన్నాది సూడండి, తను. ఎండాకాలం సెలవల తరవాత మారిపోనాది. రేత్రి లేచి కూకుంటాది. ‘నేను లేకపోతే ఎవరికేటి నష్టం’ అంటాది. నవ్వుతా అంటాది. నాతో ఒట్టేయించుకున్నాది, ఎవరికీ సెప్పొద్దని. దానికేటి సెప్పాలో, ఎలగ సెప్పాలో నాకు తెల్లేదు. మీ యాప్‌ని అడుగుదామనుకున్నాను. అందులో ‘నీ సంగతి చెప్పు’ అనుంటాది తప్ప, ‘నీ స్నేహితురాలి సంగతి చెప్పు’ అని ఎక్కడా లేదు. అందుకని ఈశ్వరి అన్న మాటలన్నీ నా మాటల్లాగే రాసినాను. ఏటి జవాబిస్తాదో సూసి, అదే దానికి సెప్దామని.”

ధనలక్ష్మి రాసిన ఆ నాలుగు వాక్యాలూ అనూరాధకి కంఠతా వచ్చు. మేడం చూపించినప్పుడు చదివింది. ‘నవ్వుతూ చెబుతాను కాబట్టి ఎవరూ పట్టించుకోరు’ అన్నది మూడోది. ఆ నాలుగిట్లో ఎక్కడా పరీక్షల ఊసే లేదని ఇప్పుడు తట్టింది.

“మంచాలు రెండూ కలిపీసి పడుకునీవాళ్ళం” అంటోంది ధనలక్ష్మి. “మెస్సుకి నాను లేకుండా ఎల్లనిచ్చీదాన్ని కాదు. ఆ ఆదివారం మా నాన్న వచ్చి నా సెయ్యి పట్టుకుని లాక్కొచ్చీసినప్పుడు అది గుమ్మంలో నిలబడి సూస్తన్నాది. ఇప్పుడు దాని దగ్గర ఎవరూ లేరక్కా.”

“మరి ఇన్నాళ్ళూ సెప్పవేటే?”

ఆ మాట అన్నది అనూరాధ కాదు. కూర్మయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వెనక గరిటె పట్టుకుని గురమ్మ. ఎప్పటినుంచి వింటున్నారో తెలియదు.

“నీకేటీ లేదా? నిజిం సెప్పు. నా మీద ఒట్టు.”

“లేదు నాన్నా.”

“వారం పైనించి మీ అమ్మా నానూ సచ్చి బతకతన్నాం. ఒక్క మాట సెప్తే ఏటి?”

“సెప్తే నువ్వు కాలేజీకి ఫోన్ సేస్తావు. ఆళ్ళు దాని ఊరికి ఫోన్ సేస్తారు. నా పేరు సదివినట్టు దాని పేరు కూడా ఎవుడో నలుగురిలో సదువుతాడు.” ధనలక్ష్మి ఏడుస్తోంది. “నాకైతే మీరున్నారు నాన్నా.”

కూర్మయ్య లోపలికెళ్ళాడు. బియ్యం డ్రమ్ము మూత తీసిన చప్పుడు వినిపించింది. కూతురి ఫోను తెచ్చి, అంటుకున్న బియ్యపు గింజలు లుంగీకి తుడిచి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

ధనలక్ష్మి ఆన్ చెయ్యగానే ఫోను వెలిగింది. ఒక్కసారిగా మెసేజీలు వచ్చి పడ్డాయి. అన్నీ ఈశ్వరివే. ‘తిన్నావా ధనం.’ ‘ఫోను ఇంకా ఇవ్వలేదా మీ నాన్న.’ ‘నీ మంచం మీద నీ దుప్పటి అలాగే ఉంచాను.’ ఆఖరిది ఈ పొద్దుటిది. ధనలక్ష్మి పైకి చదివింది.

“‘నేనూ ఇంటికి పోతున్నాను. వార్డెన్‌కి చెప్పేశాను. నువ్వు బాగా చదువుకో.’”

“పోనీలే, ఇంటికెళ్ళింది కదా” అంది అనూరాధ.

“దానికి ఇల్లేదక్కా! అమ్మానాన్నల్లేరు. అమ్మమ్మ పెంచినాది. ఎస్.కోట దగ్గర పల్లెటూరు. ఎండాకాలంలో ఆవిడ సచ్చిపోనాది. ఆ ఇంటికి తాళమే.”

ధనలక్ష్మి అప్పటికే నంబరు నొక్కింది. కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది. మోగుతోంది. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి మోగి మోగి ఆగిపోతుందనగా అవతల గాలి చప్పుడు, బస్సుల హారన్లు.

“ధనం?” అంది ఒక సన్నటి గొంతు. “ఇచ్చేశాడా మీ నాన్న?”

ధనలక్ష్మికి ఏడుపే వస్తోంది. అనూరాధ వైపు ఫోను చాచింది. ఇలాంటి సమయంలో ఏమనాలో వందల వాక్యాలు రాసిన మనిషి అనూరాధ. ఒక్కటీ గుర్తు రాలేదు. అన్నీ కాగితం మీద బాగున్న మాటలే అనిపించింది.

కూర్మయ్య ఫోను అందుకున్నాడు.

“అమ్మీ, నాను కూర్మయ్యని. దనం నాన్నని. తప్పు సేసినానమ్మా, దాన్ని నీ దగ్గర్నించి లాక్కొచ్చీసినాను. ఎక్కడున్నావు తల్లీ? సెప్పు. బేగొచ్చీస్తాను. మీ ఇద్దరికీ కలిపి కూడెడతాను.”

హారన్ల మధ్యలోంచి ఈశ్వరి గొంతు వచ్చింది.

“ఎస్.కోట బస్సు కాంప్లెక్సులో ఉన్నాను బాబూ. అమ్మమ్మ ఇంటికెళ్ళాను. తాళం కప్ప తుప్పట్టిపోయింది, ఊడి రాలేదు.” ఆ గొంతులో ఏ బాధా లేదు. అదే భయంగా ఉంది. “మీరు రాకండి. చాలా దూరం. అరకు బస్సుంది, ఎక్కేస్తాను. ధనాన్ని ఏడవద్దని చెప్పండి. నేనిక్కడున్నట్టు ఎవరికీ చెప్పకండి.”

ఇక్కడినుంచి ఎస్.కోట, అంటే శృంగవరపుకోట, ఎంత తొందరపడినా ఒక పూట ప్రయాణం. అనూరాధ పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. తండ్రి జగన్నాధం పొలం నుంచి మోటారుసైకిలు మీద కాంప్లెక్సుకి వచ్చేస్తే చిటికెలో పని. ఆమె తన ఫోను తీసి, ఆయన నంబరు మీద వేలు పెట్టి ఆగిపోయింది. పక్కకెళ్ళి గుట్టుగా చెప్పేయొచ్చు. ఈశ్వరికి తెలియనక్కరలేదు. ఆయన వెళ్ళి పక్కన నిలబడేదాకా తెలియదు. 

‘ఊసు’ కూడా అలాగే చేసింది.

కూర్మయ్య చేతిలో ఫోను దగ్గరికి వంగింది. “ఈశ్వరీ, నేను అనూరాధని. నీ సీనియర్ని. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్తున్నాను. ఒక్కరికే. మా నాన్నకి. ఆయన ఎస్.కోటలోనే ఉంటాడు, ఇప్పుడే నీ దగ్గరికి వస్తాడు. నిన్నేమీ అడగడు. నీ పక్కన కూర్చుంటాడు, మేం వచ్చేదాకా. నీకు చెప్పకుండా పంపడం నాకిష్టం లేదు. అందుకే ముందు నీకు చెప్తున్నాను. ఉంటావా?”

అవతల ఎవరో, “అరకు, అరకు, అరకు! బేగెక్కండి!” అని అరుస్తున్నారు. ఆ అరుపు మధ్యలో తెగిపోయింది.

ధనలక్ష్మి మళ్ళీ కొట్టింది. స్విచ్చాఫ్. మళ్ళీ కొట్టింది. స్విచ్చాఫ్.

“సెప్పకుండా పంపీయాల్సిందక్కా” అంది ఆ పిల్ల, అనూరాధ మొహంలోకి సూటిగా చూస్తూ. 

అనూరాధ అప్పటికే తండ్రి నంబరు నొక్కింది; చెవి దగ్గర రెండుసార్లు మోగింది.

“ఏటమ్మా?” అన్నాడు జగన్నాధం. వెనక మోటారు నీళ్ళ చప్పుడు. ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. మోటారు ఆగిపోవడం, మోటారుసైకిలు స్టార్టవడం వినిపించాయి. అప్పుడడిగాడు.

“ఎల్తన్నాను. కాంప్లెక్సులో బోల్డుమంది పిల్లలుంటారు. ఆ పిల్ల ఎలగుంటాది సూడ్డానికి?”

అనూరాధ నోరు తెరిచింది. ఒకే కాలేజీ, ఒకే మెస్సు. ఏడాదిగా ఆ పిల్లల మనసుల గురించి రాస్తూ వచ్చింది. ఈశ్వరి మొహం మాత్రం ఆమెకి గుర్తు రాలేదు.